రూ.14,000 సైకిలు రూ.22,000 ఎలా అవుతుంది? తొలి ట్రయథ్లాన్‌కు పాత గేర్ సైకిలు కొనే లెక్క

ఓఎల్‌ఎక్స్‌లో ఊరు నెల్లూరని పెట్టి "సెకండ్ హ్యాండ్ బైక్" అని వెతికితే స్ప్లెండర్లు, పల్సర్లు వరస కడతాయి. మన దగ్గర బైకంటే మోటారు బండే మరి. ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయథ్లాన్ రేసు వాళ్ళు మాత్రం బైక్ అని తొక్కే సైకిలునే అంటారు. అందుకని "గేర్ సైకిల్", "రోడ్ బైక్", "హైబ్రిడ్" అన్న మాటలతో వెతకాలి. ఊరి పరిధి కూడా పెంచాలి. నెల్లూరు, ఒంగోలులో ఇలాంటివి అమ్మకానికి వచ్చేది తక్కువ, చెన్నై, బెంగళూరు, విజయవాడలో ఎక్కువ. అక్కడ కనబడే ప్రకటన దాదాపు ఇలా ఉంటుంది:

"రోడ్ బైక్, 16 గేర్లు, షిమానో, 2020 మోడల్, తక్కువ వాడినది, చిన్న గీతలు తప్ప లోపం లేదు, రూ.14,000."

ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ కొనేవాడికి కావాల్సిన సంగతి ఒక్కటీ లేదు. సైజు ఎంతో లేదు, చైను ఎంత అరిగిందో లేదు, టైరు రబ్బరు ఎలా ఉందో లేదు.

20 కిలోమీటర్లకు ఎంత సైకిలు కావాలి

ట్రయథ్లాన్‌లో ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో ఇది ఒలింపిక్ క్రీడ అయింది. కొత్తవాళ్ళు ఎక్కువగా దిగేది "స్ప్రింట్" దూరానికి. అందులో 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిలు, 5 కి.మీ. పరుగు ఉంటాయి. "ఒలింపిక్" దూరం దీనికి రెట్టింపు. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 అనే పొడవాటి ట్రయథ్లాన్‌లో సైకిలు వాటాయే 90 కి.మీ.

స్ప్రింట్‌లో సైకిలు తొక్కేది కాస్త అటూ ఇటుగా నెల్లూరు నుంచి మైపాడు తీరానికి పోయేంత దూరం. సైకిలుకు పెట్టే డబ్బును ఈ దూరంతో పోల్చి చూసుకోవాలి.

ఒక మాట ముందే తెలియాలి: డ్రాఫ్టింగ్. ముందు వెళ్ళేవాడి వెనకాలే అంటిపెట్టుకుని తొక్కితే గాలి దెబ్బ తగ్గుతుంది, దాన్నే అలా అంటారు. మామూలు ఔత్సాహికుల రేసుల్లో చాలావరకు దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకునే రేసుల్లో ట్రయథ్లాన్‌కని ప్రత్యేకంగా చేసిన సైకిలును రానివ్వరు. మామూలు రోడ్ బైక్ రెండు చోట్లా చెల్లుతుంది. చాలా స్థానిక రేసుల్లో హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) కూడా చెల్లుతాయి. అయినా ఆ రేసు నిబంధనల కాగితం చదివాకే కొనడం మేలు.

హైబ్రిడ్, రోడ్, ట్రై: తేడా కూర్చునే తీరులోనే

లావు గళ్ళ టైర్లు, ముందు షాక్ అబ్జార్బరు ఉంటే ఎంటీబీ. అడ్డ హ్యాండిలు, సన్న టైర్లు ఉంటే హైబ్రిడ్. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు ఉంటే రోడ్ బైక్. మోచేతులు ఆనించడానికి మెత్తలు, ముందుకు పొడుచుకొచ్చిన రెండు గొట్టాలు ఉంటే ట్రై బైక్. ప్రకటనల్లో హైబ్రిడ్‌ను కూడా రోడ్ బైక్ అనే రాస్తారు. ఫొటోలో హ్యాండిలు చూస్తే తెలిసిపోతుంది.

వీటిలో వేగాన్ని మార్చేది ముఖ్యంగా మనిషి వంగే తీరు. చదును రోడ్డు మీద సైకిలిస్టు పోరాడేది గాలితోనే. 70 కిలోల మనిషి 12 కిలోల సైకిలు మీద గంటకు 25 కి.మీ. వేగంతో పోతున్నాడనుకుందాం. హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుంటే గాలికే సుమారు 100 వాట్ల శక్తి పోతుంది. రోడ్ బైక్ మీద బ్రేకు లివర్లు పట్టుకుని వంగితే అదే వేగానికి 80 వాట్లు చాలు. ఇప్పుడు 12 కిలోల సైకిలు తీసేసి 10 కిలోలది ఇద్దాం. చదును రోడ్డు మీద మిగిలేది ఒక వాట్ కూడా కాదు. "కేవలం 9 కిలోలే" అని అమ్మేవాడు గొప్పగా చెప్పేదానికి కోస్తా రోడ్ల మీద అంత విలువ లేదు. ఘాట్ ఎక్కించే రేసయితే లెక్క మారుతుంది.

మరి ఆ 20 వాట్లు గడియారంలో ఎంత? హైబ్రిడ్ మీద 25 వేగంతో 20 కి.మీ.కు 48 నిమిషాలు. అంతే శక్తితో రోడ్ బైక్ మీద వేగం దాదాపు 26.7కి పెరుగుతుంది, టైము 45 నిమిషాలకు దిగుతుంది. తేడా 3 నిమిషాలు.

ఇంట్లో ఉన్న హైబ్రిడ్‌తోనే మొదటి రేసు ముగించండి, తర్వాత చూడొచ్చు అనేవాళ్ళ వాదనకు బలం ఇదే. రేసు పూర్తి చేయడమే లక్ష్యమైతే 3 నిమిషాలకు రూ.20,000 దండగ. రోడ్ బైకే కొనమనేవాళ్ళ వాదన వేరు. రేసు ఒక్కరోజే కానీ దానికి ముందు నెలల తరబడి సాధన ఉంటుంది, తర్వాత ఒలింపిక్ దూరానికో 90 కి.మీ.కో పోవాలనిపిస్తుంది, అక్కడ ఒకే పట్టు మీద గంటలు తొక్కితే చేతులు, నడుము పట్టేస్తాయి, వంపు హ్యాండిలు మీద చేతులు మూడు నాలుగు చోట్లకు మార్చుకోవచ్చు అంటారు. రెండూ నిజమే. రెండో రేసు సంగతి ఇప్పుడే తేలకపోతే మొదటి వాదన వైపే మొగ్గాలి.

ఎంటీబీ ఉన్నవాళ్ళకు మధ్యేమార్గం ఉంది. గళ్ళ టైర్లు తీసేసి అదే రిమ్ముకు నున్నటి టైర్లు వేయిస్తే టైరు రాపిడిలో పోయే శక్తి 20 వాట్ల దాకా మిగులుతుంది. షాక్‌కు లాక్ ఉంటే బిగించేయాలి.

పాత ట్రై బైక్ చౌకగా దొరికినా మొదటిసారికి వద్దనే చెప్పాలి. మోచేతులు మెత్తల మీద ఉన్నప్పుడు చేతికి అందేది గేర్లే, బ్రేకులు కాదు. గేదెలు అడ్డమొచ్చే, చెప్పకుండా స్పీడ్ బ్రేకరు లేచే రోడ్ల మీద సాధన చేయాల్సినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

"16 గేర్లు, షిమానో" అంటే ఎంత అర్థమవుతుంది

గేర్ల సంఖ్య ఒట్టి గుణకారం. పెడల్ దగ్గర 2 పళ్ళ చక్రాలు, వెనక 8 ఉంటే 16. ముందు 3, వెనక 7 ఉంటే 21. 21 అన్నది 16 కంటే గొప్పేం కాదు, వాటిలో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. నిజానికి వెనక 7 ఉన్న చౌక సైకిళ్ళలో తరచూ ఫ్రీవీలు మరబిగింపుతో హబ్బుకు ఎక్కుతుంది. అలాంటి హబ్బులో కుడివైపు బేరింగు లోపలికి ఉంటుంది, దాంతో గతుకుల రోడ్డు మీద ఇరుసు వంగుతుంది. వెనక చక్రం ఎత్తి తిప్పి ఇరుసు కొసను చూడండి. అది గుండ్రంగా ఊగుతుంటే ఇరుసు పోయినట్టే.

షిమానో అన్నది ఒక్క సరుకు పేరు కాదు. రోడ్ బైక్‌లలో కింది నుంచి పైకి క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లున్నాయి. క్లారిస్‌కు వెనక 8, సోరాకు 9. అంతకంటే కింద టోర్నీ ఉంటుంది. ఒక్క వెనక డిరైలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) మాత్రమే షిమానోది, మిగతావి ఊరూపేరూ లేనివైనా ప్రకటనలో "షిమానో" అనే ఉంటుంది. గేరు మీటల మీద పేరు చదివి ఫొటో పంపమని అడగాలి. తొలి రేసుకు క్లారిస్ ధారాళంగా చాలు. పైగా 8 గేర్ల చైను, కాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) చౌక, రిపేరు కూడా తేలిక.

సైజు తప్పితే బేరం తప్పినట్టే

మిగతావన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు మార్చలేం. చౌకగా వచ్చిందని పెద్ద ఫ్రేము కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు, చాలా పాత సైకిళ్ళు మార్కెట్‌కు వచ్చే దారి ఇదే.

కొలత ఇంట్లోనే తీయొచ్చు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ళ మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలకు టేపుతో కొలవాలి. ఇది కాలి లోపలి కొలత. ప్యాంటు కొలత కాదు, అది ఇంకా తక్కువ ఉంటుంది.

ఉదాహరణకు ఆ కొలత 78 సెం.మీ. వచ్చిందనుకోండి. దాన్ని 0.65తో గుణిస్తే 50.7. అంటే 50 నుంచి 52 సైజు రోడ్ ఫ్రేములు చూడాలి. 0.883తో గుణిస్తే 68.9. పెడల్ ఇరుసు (రెండు పెడల్ కడ్డీలు ఫ్రేములో కలిసే చోటు) మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు దాదాపు అంత. ఫ్రేము సైజుకు వాడిన 0.65 పాతకాలపు అడ్డంగా సమంగా ఉండే ఫ్రేములకు పుట్టింది. ఇప్పటి ఫ్రేముల్లో పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది, కంపెనీని బట్టి "ఎస్", "ఎం" కొలతలు మారతాయి. అందుకే మోడల్ పేరు కనుక్కుని కంపెనీ సైజు పట్టికతో సరిచూసుకోవాలి. లెక్క ఎంత సరిపోయినా సైకిలు మీద నిలబడి చూడటం తప్పదు. రెండు పాదాలూ నేలకానించి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి.

రెండు సైజుల మధ్య ఊగిసలాడితే చిన్నది తీసుకోవాలి. సీటు గొట్టం పైకి లాగొచ్చు, హ్యాండిలు పట్టే కడ్డీ పొడుగుది వేయొచ్చు. పెద్ద ఫ్రేమును కుదించలేం. ఇంతవరకైనా ఫ్రేము లోపల ఉండాలని సీటు గొట్టం మీద చెక్కిన కనీస గీత మాత్రం బయటికి రాకూడదు. వస్తే గొట్టమో ఫ్రేమో విరుగుతుంది.

ఉప్పుగాలి, గ్రానైట్ దుమ్ము, తుమ్మముల్లు

మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల పక్కన తిరిగిన సైకిలుకు మెరుగు పెట్టినా ఉప్పు దాగదు. మొదట చూడాల్సింది సీటు గొట్టం. అల్యూమినియం గొట్టం, దాని చుట్టూ ఇంకో లోహపు ఫ్రేము, మధ్యలో ఉప్పు తేమ చేరితే తెల్ల పొడి కట్టి రెండూ అతుక్కుపోతాయి. అమ్మేవాణ్ణి బోల్టు వదులు చేసి సీటును రెండు సెంటీమీటర్లు పైకీ కిందికీ జరిపి చూపించమనండి. జరగకపోతే ఆ సైకిలు ఎత్తు ఆయనకే సరిపోయింది, మీకు కాదు. రెండోది, స్పోకులు రిమ్ములో దిగే చోట ఉండే చిన్న నట్లు. అవి తుప్పుతో బిగుసుకుంటే చక్రం వంకర తీసేటప్పుడు తిరగవు, అరిగిపోతాయి. చివరికి చక్రమే మార్చాల్సొస్తుంది.

"తక్కువ వాడినది" అన్నదాన్ని కూడా ఇక్కడే అనుమానించాలి. 2020లో కోవిడ్ టైములో సైకిళ్ళకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అప్పటివి చాలా తర్వాత బాల్కనీల్లో నిలబడిపోయాయి. తొక్కకపోయినా టైరు రబ్బరు ఎండలో పగులుతుంది, బేరింగుల్లో గ్రీజు గట్టిపడుతుంది. ఇంట్లో స్టాండు మీద బిగించి తొక్కినవైతే ఇంకో బాధ. చెమట నేరుగా హ్యాండిలు మీదా ముందు బేరింగు మీదా కారి, టేపు కింద లోహాన్ని తినేస్తుంది. హ్యాండిలు టేపు ఒక చుట్టు విప్పి చూస్తే తెలుస్తుంది.

చీమకుర్తి వైపు గ్రానైట్ టిప్పర్ల రోడ్ల మీద తొక్కిన సైకిళ్ళలో చైనుకు రాతి దుమ్ము పడుతుంది. నూనెలో కలిసి అది సాన పొడిలా పళ్ళను అరగదీస్తుంది. ఇక నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్డు పక్కనంతా సర్కారు తుమ్మే కాబట్టి టైరు లోపలివైపు వేళ్ళతో జాగ్రత్తగా తడిమి చూడాలి. విరిగిన ముళ్ళు లోపలే ఉండి కొత్త ట్యూబుల్ని వరసగా పొడుస్తాయి. ఫ్రేములో చోటుంటే 25 బదులు 28 మి.మీ. టైరు వేసుకోవడం మన రోడ్లకు నయం. పాత రిమ్ము బ్రేకు సైకిళ్ళలో చాలావాటికి అది పట్టదు. కొనేముందే టైరుకూ బ్రేకుకూ మధ్య ఖాళీ చూసుకోవాలి.

రోడ్ బైక్ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. పంచరు షాపు గొట్టం దానికి పట్టదు. ఓ చిన్న ఇత్తడి అడాప్టరు సీటు బ్యాగులో ఉంటే కావలి దాటాక గాలి కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

చైను మీద 12 అంగుళాల స్కేలు

ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు, ఇంట్లోని స్టీలు స్కేలు చాలు. చైను బిగువుగా ఉన్న పై భాగంలో ఒక పిన్ను సరిగ్గా మధ్యలో సున్నా పెట్టండి. కొత్త చైనులో ఒక్కో లంకె అర అంగుళం. 24 లంకెల తర్వాతి పిన్ను మధ్యభాగం 12 అంగుళాల గీత మీదే పడాలి. ఒకటిన్నర మి.మీ. దాటి ముందుకు పోతే చైను మార్చే టైమొచ్చింది. 3 మి.మీ. దాటితే చైనుతో పాటు వెనక కాసెట్ కూడా అరిగిపోయినట్టే, కొత్త చైను వేసినా దాని మీద జారుతుంది.

తర్వాత పది నిమిషాలు తొక్కి చూడాలి, వీధి చివర దాకా కాదు. గేర్లు ఒక్కొక్కటీ మార్చాలి. పెద్ద గేరులో కాస్త గట్టిగా తొక్కినప్పుడు చైను టక్కున ఎగిరితే అరుగుదలే. వెనక నుంచి చూసినప్పుడు డిరైలర్ కింది చక్రం పై చక్రానికి సూటిగా లేకుండా లోపలికి వంగి ఉంటే సైకిలు కుడివైపు పడిందని అర్థం. డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగరు ఒక్కటే వంగితే చిన్న ఖర్చే, మార్చుకోవచ్చు.

పెద్ద దెబ్బ వేరే చోట దొరుకుతుంది. హ్యాండిలు కింది గొట్టం ఫ్రేముతో కలిసే చోట అడుగువైపు వేలితో రాయండి. పెయింటులో ముడతలు, అలలు తగిలితే ఎదురుగా దేన్నో కొట్టిన సైకిలు అది, వదిలేయాలి. ఫ్రేము వంకర చూడటానికి దారం చాలు. వెనక ఇరుసు ఒక కొస నుంచి దారం కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొసకు బిగించాలి. మధ్యలో సీటు కింది గొట్టానికి రెండువైపులా దారం దూరం సమంగా ఉండాలి.

కార్బన్ ఫ్రేముల విషయంలో వాదన తెగదు. నాణెంతో కొడుతూ పోతే పగులున్న చోట శబ్దం మందగిస్తుందని కొందరు, రిపేరు చేయించుకోవచ్చని మరికొందరు అంటారు. శబ్దం పరీక్ష అన్ని పగుళ్ళనూ పట్టదు. అల్యూమినియం దెబ్బ తింటే చాలావరకు కంటికి కనబడుతుంది. తక్కువ డబ్బుతో, అనుభవం లేకుండా కొనేవాళ్ళకు అదే మంచిది.

రూ.14,000, రూ.19,000: ఏది చౌక

ఇందులో విడిభాగాల ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ మెకానిక్ చెప్పిన ధరలు పెట్టి మళ్ళీ వేసుకోవాలి.

మొదటి సైకిలు పైన చెప్పిన రూ.14,000ది. స్కేలు పెడితే చైను 3 మి.మీ. సాగింది, టైర్లు పక్కల పగిలాయి. చైనుకు రూ.900, కాసెట్‌కు రూ.1,500, రెండు టైర్లకు రూ.2,400, ట్యూబులకు రూ.700, కేబుళ్ళకు రూ.600, బ్రేకు రబ్బర్లకు రూ.500, హ్యాండిలు టేపుకు రూ.500, కూలీ రూ.1,000. అన్నీ కలిపి రూ.8,100. సైకిలు రోడ్డెక్కేసరికి రూ.22,100.

రెండోది అదే మోడల్, చెన్నైలో రూ.19,000. చైను కొత్తది, టైర్లు నిరుడు మార్చారు. వెళ్ళి తెచ్చుకోవడానికి రూ.1,500 వేసినా రూ.20,500. రూ.5,000 ఎక్కువ అడిగిన సైకిలే రూ.1,600 చౌక. మొదటి సైకిలు చెడ్డదని కాదు. స్కేలు చూపించి రూ.11,000కు బేరం కుదిర్చితే అదే రూ.19,100కు వస్తుంది, లెక్క తిరగబడుతుంది.

కొత్తది కొనేయొచ్చు కదా అన్నవాళ్ళకు ఇప్పుడు కొంత బలం పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా రూ.30,000 ఉన్న సైకిలు అప్పట్లో రూ.33,600, ఇప్పుడు రూ.31,500. పాత బిల్లు చూపించి "ఇది 33 వేలది" అని మొదలుపెట్టే అమ్మకందారుకు ఈ సంగతి గుర్తు చేయొచ్చు. కొత్తదానికి వారంటీ ఉంటుంది, సైజు ఎంచుకోవచ్చు. కానీ మెకానిక్ సాయం ఉండి, మంచి సైజులో పాతది దొరికితే అదే డబ్బుకు ఒక మెట్టు పై గేర్లు వస్తాయి. పాత దాని మొత్తం ఖర్చు కొత్త దాని ధరలో మూడొంతుల్లో రెండొంతులు దాటిందంటే కొత్తదాని వైపు చూడటం న్యాయం.

సైకిలుకు ఆర్‌సీ ఉండదు

అందుకే దొంగ సైకిలును పట్టడం కష్టం. పెడల్ ఇరుసు కింద, సైకిలును తిరగేస్తే, ఫ్రేము మీద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది. గీకేసి ఉంటే బేరం ఆపేయాలి. బిల్లులో నంబరుంటే సరిపోల్చాలి. బిల్లు పోయిందంటే అమ్మేవాడి గుర్తింపు కార్డు కాపీ మీద సైకిలు నంబరు, ధర, తేదీ రాయించి సంతకం తీసుకోవాలి. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కిందికి వస్తుంది. అడ్వాన్సు పంపితే పక్కన పెడతానని, చూడనివ్వకుండా తొందరపెట్టేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

తెచ్చాక, రేసుకు ముందు

బస్సులోనో రైలు పార్సిల్‌లోనో తెస్తే ముందు చక్రం విప్పి, వెనక గేరును అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రం మీదికి మార్చాలి. అప్పుడు డిరైలర్ లోపలికి ఒదిగి దెబ్బ తగలకుండా ఉంటుంది. సైకిలు పడుకోబెట్టాల్సొస్తే గేర్లున్న వైపు పైకి ఉండాలి.

పాత సైకిళ్ళకు తరచూ పోయేది హ్యాండిలు గొట్టం కొసన ఉండే బిరడా. అది లేకుండా తెరిచిన గొట్టంతో రేసులోకి రానివ్వరు, ఎందుకంటే పడ్డప్పుడు ఆ గొట్టం కండను గుండ్రంగా కోసేస్తుంది. ముందురోజు సైకిలు తనిఖీలో బ్రేకులతో పాటు చూసేది దాన్నే. సైకిలు షాపులో పది ఇరవై రూపాయలకు దొరికే ప్లాస్టిక్ ముక్క, రెండు కొసలకు రెండు.